లోకాంతర కథలు - తప్పిపోయిన తలిదండ్రులు

ఒకనాడు గ్రంథాలయపు గంటలో నేనొక నవలాకథను జెప్పుచుండగా, వెనుకబల్లపై గూర్చున్న యొక బాలుడు లేచి, "మాష్టారండీ! ఆ పక్కలోకంలో మా నాన్నగారు ఉంటారాండీ?" అని యడిగెను. కొందఱు నవ్విరి. ఆ బాలుడు నవ్వలేదు. వాని పసితనముననే తండ్రి యిల్లు విడిచి పోయెననియు, నేటివఱకును జాడ లేదనియు నాకు దరువాత దెలిసినది. ఇంతలో గంట కొట్టుటచే నేను సమాధానము చెప్పక తప్పించుకొంటిని. ఆ ఋణమును దీర్చుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ ప్రశ్నకు బదులు చెప్పవలెనన్న మూడు సంగతులు విచారింపవలసియున్నవి. ఇట్టి కథలలో నిజముగా జరుగునదేమి? అవి మన తెలుగువారికి గ్రొత్తవా? లోకాంతరములను గూర్చి ప్రకృతిశాస్త్రము చెప్పునదేమి? వీనిని క్రమముగా జూతము.

నేను జెప్పుచుండిన కథ ఆంగ్లేయ రచయితయగు ఫిలిప్ పుల్మన్ వ్రాసిన "ది సటిల్ నైఫ్" అను నవల. మిక్కిలి సన్నని యంచుగల కత్తి యని దాని భావము. ఇది 1997లో వెలువడినది. "హిజ్ డార్క్ మెటీరియల్స్" అను పేర 1995 మొదలు 2000 వఱకు వచ్చిన మూడు సంపుటములలో నిది రెండవది. మూడవ సంపుటమునకు 2001వ సంవత్సరపు విట్‌బ్రెడ్ బహుమానము లభించెను. పిల్లల కొఱకు వ్రాసిన పుస్తకము ఆ యేటి గ్రంథములన్నింటిలో నుత్తమమైనదిగా నెన్నుకొనబడుట అదియే మొదటిసారి. ఈ గ్రంథకర్త మతాధికారమును దీవ్రముగా విమర్శించినందున నీ నవలలను బలువురు క్రైస్తవులు ఆక్షేపించిరి. ఆ వివాదము వేఱు. ఇప్పుడు మనకు గావలసినది అందలి బాలుని కథ మాత్రమే.

ఆ బాలుని పేరు విల్. వయస్సు పండ్రెండేండ్లు. వాని తండ్రి దేశాటనము చేయు సాహసికుడు. విల్ పసివాడై యుండగా నుత్తరధ్రువ ప్రాంతమునకు బోయి కనబడకుండ బోయెను. తల్లికి మనస్సు స్థిమితము లేదు. లేని శత్రువులు తన్ను వెన్నాడుచున్నారని భయపడుచుండును. అంగడికి బోవుటయు, వంట చేయుటయు, తల్లి స్థితి యిరుగుపొరుగువారికి దెలియకుండ గాపాడుటయు నా పిల్లవాని పనులే. ఇట్లుండగా దండ్రి వ్రాసిన జాబులకై కొందఱు రాత్రివేళ నింట జొరబడుదురు. ఆ పెనగులాటలో నొకడు విల్ చేత బొరపాటున మరణించును. అంతకుముందే తల్లిని, పరిచయస్థురాలగు నొక వృద్ధురాలి యింట నుంచి వచ్చిన విల్, జాబులను దీసికొని ఆక్స్‌ఫర్డు నగరమునకు బాఱిపోవును. అచట రహదారి ప్రక్కను, చెట్ల దాపున, ఒక పిల్లి గాలిలో మాయమగుట చూచును. దగ్గఱకు బోయి పరికింపగా నచట గాలిలోనే యొక గవాక్షమున్నది! దాని యావల వేఱొక లోకము, వేఱొక ఆకాశము.

ఆ లోకమున వానికి లైరా యను బాలిక స్నేహితురాలగును. లోకములకు నడుమనున్న తెరను గోయగల కత్తి వాని చేతికి వచ్చును. ఆ కత్తి యూరక రాలేదు. ఎడమచేతి రెండు వ్రేళ్లను గొనిపోయెను. తుదకు విల్ యొక కొండపై జీకటిలో నొక యపరిచితుని గలిసికొనును. అతడు వాని గాయమునకు మందు పూయును. దీపపు వెలుతురున నొకరి మొగమొకరు చూచికొని, తండ్రియని కొడుకును, కొడుకని తండ్రియు గుర్తించిన క్షణముననే, పూర్వవైరము గల యొక మంత్రగత్తె విడిచిన బాణము తగిలి తండ్రి నేలగూలును. ఇన్నాళ్లు వెదకిన దానికి ఫలము రెప్పపాటు కాలపు దర్శనము!

ఇంతటితో గథ ముగిసిన నిది క్రూరమైన కథయే యగును. కాని మూడవ సంపుటమున నొక నియమము బయలుపడును. ఏ మనుజుడును దాను బుట్టిన లోకమున దప్ప మఱియొక లోకమున జిరకాలము బ్రదుకజాలడు. విల్ తండ్రియు మంచుతుపానులో దెలియకయే యొక గవాక్షమును దాటి, తిరిగివచ్చు దారి గానక, పరలోకవాసియై క్రమక్రమముగా జబ్బుపడిన వాడే. అదిగాక, తెఱచిన ప్రతి గవాక్షమును లోకములకు గీడు చేయుచున్నది. కావున విల్, లైరా తమకు నెంతటి దుఃఖము కలిగినను ద్వారములను మూసివేయించి, యెవరి లోకమునకు వారు మరలుదురు. విల్ ఇంటికి వచ్చును; తల్లిని జూచుకొనుటకు వచ్చును. ఈ సంగతిని జదువరులు మఱవరాదు. తప్పిపోయిన తండ్రిని వెదకబోయిన బాలుడు, తప్పిపోని తల్లియొద్దకు దిరిగివచ్చుటయే యా మూడు సంపుటముల తుది ఫలము.

ఇక రెండవ ప్రశ్న. ఇట్టి కథలు మనకు గ్రొత్తవా? కావు. మన యవ్వలు చెప్పిన బాలనాగమ్మ కథను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. నవభోజరాజు కూతుండ్రేడుగురిలో గడగొట్టుది బాలనాగమ్మ. కార్యవర్ధిరాజు భార్య. భర్త యింట లేనప్పుడు మాయల ఫకీరు భిక్షకై వచ్చి, మంత్రబలముచే నామెను గుక్కగా మార్చి తన స్థలమునకు గొనిపోయెను. వెదకబోయిన భర్తయు శిలయై నిలిచిపోయెను. బాలనాగమ్మ ఫకీరునకు లొంగక, నోము నెపమున గడువు గోరి, యేండ్ల తరబడి యా చెఱలో నిలిచియుండెను. ఊయెలలో విడువబడిన కొడుకు బాలవర్ధిరాజు పెద్దతల్లుల పెంపకమున నెదిగి, తల్లి సంగతి తెలిసినంతనే యొంటరిగా బయలుదేఱెను. పూలమ్మెడి యవ్వకు మనుమడనని చెప్పుకొని ఫకీరు కోటలో బ్రవేశించెను. ఫకీరు ప్రాణము వాని దేహమున లేదనియు, ఏడు సముద్రముల కావల నొక చిలుకలో నున్నదనియు దల్లివలన దెలిసికొని, యా చిలుకను బట్టి తెచ్చి ఫకీరును జంపెను.

ఈ కథ మన పల్లెలలో బుఱ్ఱకథగను, సురభివారి నాటకముగను బేరొందినది. 1942లో జెమినీ వారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున దీనిని చలనచిత్రముగా నిర్మించిరి. అందు కాంచనమాల బాలనాగమ్మగను, గోవిందరాజుల సుబ్బారావుగారు మాయల మరాఠీగను నటించిరి. 1959లో మరల నొక చిత్రము వచ్చినది. దాని దర్శకులగు వేదాంతం రాఘవయ్యగారు మన కూచిపూడివారు. కథానాయకులగు నందమూరి తారకరామారావుగారు మన నిమ్మకూరువారు. ఈ కథ కృష్ణాతీరమున నెంత గాఢముగా నాటుకొన్నదో దీనివలననే గ్రహింపవచ్చును.

రెండు కథలను బ్రక్క ప్రక్కను బెట్టి చూచిన నాశ్చర్యము కలుగును. రెండింటను బిడ్డ పసితనముననే తల్లియో తండ్రియో మాయమగుదురు. రెండింటను ద్వారము దూరమున లేదు. ఒకచో రహదారి ప్రక్కను, ఒకచో నింటి గడపయొద్దను గలదు. రెండింటను బాలునకు దోడ్పడువారు మహారాజులు కారు. ఒకచో నొక బాలిక, ఒకచో బూలమ్ముకొను ముదుసలి. ఒక్కటి మాత్రము భేదము. బాలవర్ధి తల్లిని దోడ్కొని యింటికి వచ్చెను. విల్ తండ్రిని అచటనే విడిచి వచ్చెను. మన పాత కథ పిల్లవాని కోరికను దీర్చుచున్నది. క్రొత్త నవల, తీఱని కోరికతో నెట్లు బ్రదుకవలయునో చెప్పుచున్నది. రెండును గావలసినవే. ఆకలిగొన్నవానికి మొదట నన్నము, పిదప వ్యవసాయము నేర్పవలసినట్లే, దుఃఖించు శిశువునకు మొదటి కథయు, ఎదిగిన బాలునకు రెండవ కథయు నుపకరించును.

లోకములో లోకమున్నదను భావము సైతము మన వాఙ్మయమున బ్రాచీనమైనదే. యోగవాసిష్ఠమున లీల యను రాణి కథ యున్నది. భర్తయగు పద్మరాజు మరణింపగా నామె సరస్వతీదేవిని బ్రార్థించెను. దేవి యామెకు, ఆ శవమున్న గదిలోని యాకాశముననే మఱియొక జగత్తును, అందు వేఱు పేరుతో రాజ్యమేలుచున్న భర్తను జూపెను. మడికి సింగన 15వ శతాబ్దముననే యా గ్రంథమును వాసిష్ఠ రామాయణమను పేర దెనిగించెను. కావున లోకాంతరమను మాట వినగానే యిది పడమటి దేశముల క్రొత్త వింతయని తలపవలసిన పని లేదు.

మూడవ ప్రశ్న కఠినమైనది. శాస్త్రమేమి చెప్పుచున్నది? 1957లో, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున బరిశోధన చేసిన హ్యూ ఎవరెట్ అను యువకుడొక సిద్ధాంతమును బ్రకటించెను. దానిని మన కన్నుల యెదుటనున్న దృష్టాంతముతో వివరించెదను.

కృష్ణానది కొండల నడుమనుండి విజయవాడ చేరువఱకు నొక్కటే ప్రవాహము. ఇచట 1855లో ముగిసిన పాత యానకట్టయు, దాని స్థానమున 1957లో సిద్ధమైన ప్రకాశము బ్యారేజియు నీటిని నిలిపి కాలువలకు మరలించినవి. తూర్పున ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ. సీతానగరము వైపున బడమటి కాలువ. తూములు దాటిన పిమ్మట బందరు కాలువలోని నీటికి బడమటి కాలువలోని నీటి సంగతి తెలియదు. ఒకటి బందరు వైపు చేలను దడుపును. వేఱొకటి పడమటి డెల్టా మాగాణులను దడుపును. కాని రెండును మొదట నొక్క నీరే.

ఇప్పుడు వెలుతురునందలి మిక్కిలి సూక్ష్మమైన యొక్క కణమును దలచుకొనుడు. సగము వెలుతురును ముందునకు బోనిచ్చి, సగమును బ్రక్కకు మరలించు అద్దముపై నా కణము పడినదనుకొందము. అది ముందునకు బోయినదా? ప్రక్కకు మరలినదా? క్వాంటమ్ గణితము ప్రకారము, కనిపెట్టి చూచువఱకు రెండు మార్గములును లెక్కలో నున్నవి. కాని యంత్రములతో జూచినప్పుడు ఒక్క చోటనే కణము దొరకును. అట్లైన రెండవ మార్గమేమైనది? చూచినంతనే యది నశించునని పూర్వులు చెప్పిరి. నశింపదని ఎవరెట్ చెప్పెను. గణితము చెప్పుచున్నట్లే రెండును జరుగును. ఒక శాఖలో నీ వంకనున్న యంత్రము మ్రోగును, వేఱొక శాఖలో నావంకనున్న యంత్రము మ్రోగును. చూచుచున్న మనుష్యుడును నట్లే రెండు శాఖలుగా జీలును. ఒక్కొక్క శాఖలోని మనుష్యుడు తన యంత్రపు మ్రోతనే వినును.

కాలువల పోలిక యిచటికే సరి. కాలువల నీరు సముద్రమున మరల గలియును. విశ్వశాఖలట్లు కలియవు. పెద్ద వస్తువులలోని యసంఖ్యాక కణములును, చుట్టునున్న గాలియు, వెలుతురును బ్రతి మార్పునందును జిక్కుకొనుటచే శాఖలు ఒకదానికొకటి పూర్తిగా దూరమగునని 1970 మొదలు జరిగిన పరిశోధనలు చూపినవి. ఒక శాఖనుండి మఱియొక శాఖకు జాబు పంపుటకుగాని, మనిషి పోవుటకుగాని యీ సిద్ధాంతమున వీలు లేదు. గవాక్షము లేదు, కత్తి లేదు. పైగా నీ సిద్ధాంతమే సత్యమని ప్రయోగమువలన నిర్ణయము కాలేదు. దీనిని విశ్వసించు శాస్త్రజ్ఞులును గలరు, విశ్వసింపనివారును గలరు.

అయినను మన బాలుని ప్రశ్న నిలిచియే యున్నది. సిద్ధాంతము సత్యమే యనుకొందము. తండ్రి యిల్లు విడువని శాఖ యొకటి యున్నదనుకొందము. అప్పుడేమగును? ఆ శాఖలో నా తండ్రి ప్రక్కను వాని కొడుకొకడున్నాడు. అదే పేరు, అదే మొగము, అదే బడి. ఆ తండ్రి ఆ బాలునకే తండ్రి. ఆ యింట నీకు జోటు లేదు. నీవు పోయినను రెండవవాడవే యగుదువు. నీవు కోరునది నీ వలెనుండు వేఱొక బాలుని తండ్రిని గాదు; నిన్ను విడిచిపోయిన నీ తండ్రిని. ఆయన యున్నను లేకున్నను, ఈ లోకముననే వెదకవలసినవాడు. ఎన్ని లోకములున్నను ఈ లోటు ఈ లోకమునకే చెందినది.

ఈ సంగతిని నా కంటె బాగుగ నెఱిగినవాడొకడున్నాడు. ఆతడు ఆ హ్యూ ఎవరెట్ కుమారుడే. పేరు మార్క్ ఎవరెట్. అమెరికాలో బేరుగన్న గాయకుడు. తండ్రి సిద్ధాంతమునకు మొదట దగిన యాదరము లభింపలేదు. ఆయన విశ్వవిద్యాలయములను విడిచి, సైన్యశాఖకు లెక్కలు గట్టు నుద్యోగమున బ్రవేశించెను. ఇంటిలో నెవ్వరితోను మనసిచ్చి మాటలాడువాడు కాడు. 1982లో 51వ యేట హఠాత్తుగా మరణింపగా, శవమును మొదట గనుగొన్నవాడు 19 ఏండ్ల మార్క్. ఒకే యింట బెరిగియు దండ్రి యెవరో తానెఱుగనని యతడు పలుమాఱులు చెప్పెను. 2007లో బీబీసీ వారి చిత్రమున, తండ్రి చదివిన ప్రిన్స్‌టన్‌నకు బోయి, ఆయన పాతమిత్రులను గలిసికొని, క్వాంటమ్ సిద్ధాంతమును బాలునివలె నడిగి తెలిసికొని, పూర్వము పట్టియుంచిన తండ్రి కంఠధ్వనిని వినెను. అసంఖ్యాక లోకములను లెక్కగట్టిన తండ్రిని గనుగొనుటకు గుమారుడు మఱియొక లోకమునకు బోలేదు. తండ్రి నెఱిగినవారి యిండ్లకు బోయెను.

ఇది చదువుచున్న తలిదండ్రులకును నొక మనవి. ఇల్లు విడిచినవారే తప్పిపోయినవారు కారు. ఒకే చూరు క్రిందనుండియు బిడ్డతో బలుకనివారు సగము తప్పిపోయినవారే.

మన డెల్టా ఈ దుఃఖమును బాగుగ నెఱుగును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విఱుచుకుపడిన యుప్పెనలో బదివేలకు బైగా జనులు మరణించిరి. ఆ రాత్రి కన్నవారిని గోల్పోయిన పిల్లలెందఱో. అట్టి పిల్లలను మరల మనుష్యులుగా నిలిపినది మంత్రపు గత్తి కాదు. బాలవర్ధికి బెద్దతల్లులవలె, పూలయవ్వవలె, అన్నము పెట్టి, పేరు పెట్టి పిలిచినవారు.

కావున, నాయనా, నీ ప్రశ్నకు నా సమాధానమిది. ప్రక్కలోకమున్నదో లేదో నేను చెప్పజాలను. ఉన్నను దానిలో నీ తండ్రిని వెదకవలదు. ఆయనను గూర్చి యెఱిగినవారు ఈ యూరనే యున్నారు. ఆయనకే పాట యిష్టమో, ఏ వీధిలో నాడుకొనెనో, వ్రాత యెట్లుండెనో, కోపమెట్లుండెనో, వారినడుగుము. మంచి చెప్పినను జెడు చెప్పినను వినుము. ఒక పుస్తకమున వ్రాసికొనుము. అడుగుటకు సిగ్గైనచో నేను నీతో వచ్చెదను. ఇట్లు వెదకినంతమాత్రమున నాయన తిరిగివచ్చునని నేను మాట యీయను. కాని తెలియని తండ్రి యొక భయము; తెలిసిన తండ్రి, లేకపోయినను, ఒక మనుష్యుడు. విల్‌కు గొండపై దొరకినదియు నదియే. నవలలను జదువుట మానవలదు. చదివి ముగించిన పిదప, విల్ వలెనే, ఇంటనున్నవారియొద్దకు దిరిగి రమ్ము. మీ యమ్మ నీకొఱకు జూచుచుండును.

ఆ బాలుడు ఆ నవలను గ్రంథాలయమునుండి తీసికొనిపోయి రెండు నెలలైనది. గడువు మీఱినది. నేనడుగలేదు.